కుట్లు విప్పాక కూడా పేషెంటుకి ఓ సిస్టర్ కావాలి

2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పటి నుంచి పేదోళ్లకి పెద్ద ఆపరేషన్లు కూడా అందుతున్నాయి, అది నిజంగా గొప్ప విషయం. కానీ డిశ్చార్జి అయ్యాక ఎవర్ని అడగాలో తెలీదు. చేతిలో ఇంగ్లీషు కాయితం, అందులో వారం తర్వాత రమ్మని ఒక్క లైను. పొద్దున్నే బస్సెక్కి వెళ్లి ఓపీ చీటీ రాయించుకుని మధ్యాహ్నం దాకా కూర్చుంటే సర్జన్ గారు గాయం చూసి బాగానే ఉంది వెళ్లమంటారు, బయట అంత మంది ఉంటే ఆయన మాత్రం ఏం చేస్తారు పాపం.

పథ్యం సంగతే చూడండి. పప్పు తింటే చీము పడుతుందని మన ఇళ్లల్లో ఇప్పటికీ గట్టి నమ్మకం, పప్పు మానేసి గుడ్డు కూడా మానేసి నెలంతా కారప్పొడి అన్నంతో గడిపేస్తారు, గాయం మానడానికి కావాల్సిందేమో ఆ ప్రోటీనే. ఈ మాట డాక్టర్ రూములో బయటికి రాదు. డ్రెస్సింగ్ మారుస్తూ సిస్టర్ "ఏం తింటున్నావమ్మా" అని అడిగితే వస్తుంది, స్నానం ఎప్పుడు చెయ్యాలి, బిందె ఎత్తొచ్చా, కుట్ల దగ్గర దురద మామూలేనా, అన్నీ అప్పుడే వస్తాయి.

అందుకే ఫాలోఅప్ బాధ్యత నర్సులకి అధికారికంగా ఇవ్వాలని మేం అంటున్నాం. బ్రిటన్‌లో రొమ్ము కేన్సర్ ఆపరేషన్ అయినవాళ్లని స్పెషలిస్టు నర్సులు చూడటం ఎప్పట్నుంచో ఉంది, పేషెంట్ల తృప్తి డాక్టర్ చూసినప్పటికన్నా ఏమీ తగ్గలేదని అక్కడి పరిశీలనలు చెప్పాయి.

ఆపరేషన్ గాయాన్ని 30 రోజులు, లోపల రాడ్డో ప్లేటో వేస్తే 90 రోజులు ఇన్ఫెక్షన్ కోసం కనిపెట్టుకుని ఉండాలి. ఇన్ని రోజులు ఊళ్లో చూసేదెవరు? చాలాచోట్ల ఆర్‌ఎంపీనే, ఏదో ఒక ఇంజక్షన్ వేసి పంపిస్తాడు. ఆంధ్రాలో విలేజ్ హెల్త్ క్లినిక్కుల్లో, తెలంగాణలో పల్లె దవాఖానాల్లో బీఎస్సీ నర్సింగ్ చదివిన ఎంఎల్‌హెచ్‌పీలు (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు) ఆల్రెడీ ఉన్నారు, ఆపరేషన్ చేసిన ఆస్పత్రి ఆ సిస్టర్‌కి కేసు వివరాలు పంపడం, అనుమానం వస్తే ఆమె నేరుగా సర్జన్‌కి ఫోన్ చేసే వీలు ఉండటం, ఇదే కదా కావాల్సింది. అయితే ఇప్పటికే వార్డుల్లో నర్సులు చాలక సతమతమవుతున్నారు, కొత్త పోస్టులివ్వకుండా ఈ పని కూడా వాళ్ల నెత్తిన పెడితే మేం ఒప్పుకోం.

ఇంకోటి, పేషెంటు తృప్తి గురించి డిశ్చార్జి రోజు కౌంటర్ దగ్గర అడిగితే ఇంటికెళ్లే తొందరలో అందరూ బాగుందనే అంటారు. నెల తర్వాత ఫోన్ చేసి తెలుగులో అడగండి, నొప్పొస్తే ఎవరికి చెప్పుకున్నారు, జవాబు దొరికిందా అని. ఆస్పత్రికి రేటింగ్ ఆ జవాబుల్ని బట్టే ఇవ్వాలి.