రామన్ రోజున కమల చార్టు

విజయవాడ సత్యనారాయణపురంలో ఒక హైస్కూలు స్టాఫ్‌రూమ్. ఫిబ్రవరి 28 సైన్స్ డేకి చార్టులు తయారవుతున్నాయి. బయోకెమిస్ట్ కమలా సోహొనీని 1933లో బెంగళూరు ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్)లో ఆడపిల్లని చేర్చుకోనన్నది డైరెక్టర్ సి.వి. రామన్. ఆ సంగతి చార్టులో ఉండాలా, వద్దా?

ఫిజిక్స్ మాస్టారు: రామన్ ఎఫెక్ట్ పేరు మీదే కదమ్మా ఈ సైన్స్ డే! పెళ్లికి వెళ్లి పెళ్లికొడుకు తప్పులు ఎంచుతామా?

బయాలజీ మేడం: ఎంచడం కాదు మాస్టారూ, జరిగింది చెప్పడం. ఆమె పట్టుబడితే షరతుల మీద చేర్చుకున్నారు. ఏడాది దాకా రెగ్యులర్ కాదు. డైరెక్టర్‌కి తృప్తి కలిగితేనే చేసిన పనికి గుర్తింపు. తన వల్ల మగ పరిశోధకుల దృష్టి చెదరకూడదు. ఈ మూడోది మన తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి విడమరిచి చెప్పక్కర్లేదు.

మాస్టారు: తర్వాత ఆయనే మనసు మార్చుకుని అమ్మాయిల్ని చేర్చుకున్నారు. అదీ రాస్తారా?

మేడం: రాస్తాను. మార్చింది ఎవరో కూడా రాస్తాను.

మాస్టారు: నా బాధ వేరమ్మా. ఎవరు చెప్పినా ఆమె కథ రామన్ కాదన్న దగ్గరే ఆగిపోతుంది. కేంబ్రిడ్జిలో ఏం కనుక్కుందో మన స్టాఫ్‌లో ఎంతమంది చెప్పగలరు?

మేడం: అది నిజమే. బంగాళాదుంపతో మొదలుపెట్టింది. కణం శ్వాసక్రియలో ఎలక్ట్రాన్లు అందించే సైటోక్రోమ్ సి మొక్కల్లోనూ ఉందని తేల్చింది. 1939లో పీహెచ్‌డీ. థీసిస్ 40 పేజీలే!

మాస్టారు: అయితే దుంప ముక్క మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోద్దాం. బుసబుసా నురగొస్తుంది, పిల్లలు ఎగబడి చూస్తారు.

మేడం: ఆ నురగ కాటలేజ్ అనే ఎంజైమ్ పని. ఆమె పేరు పెట్టి వేరేది చూపిస్తామా? సైటోక్రోమ్‌లని 1925లో కీలిన్ అనే శాస్త్రవేత్త గుర్తించింది కాంతిని రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోపుతో, రంగుల పట్టీలో నల్ల గీతలుగా.

మాస్టారు: స్పెక్ట్రోస్కోపా? అది మా రామన్ సామాను కదా!

మేడం: మరి మీ ల్యాబ్‌లోది బయటికి తీయండి.

మాస్టారు: తీస్తాను. తాటిచెట్ల నుంచి తీసే నీరా సంగతి కూడా పెట్టండి. అందులో విటమిన్లు, ఐరన్ ఉన్నాయని, తిండి చాలని పిల్లలకి మేలు చేస్తుందని చూపించింది కదా. బాపట్ల వైపు నుంచి వచ్చిన పిల్లలకి అదే ముందు ఎక్కుతుంది. షరతులంటారా, కింద చిన్నక్షరాల్లో రాసుకోండి.

మేడం: పైనే, ఎర్ర స్కెచ్‌పెన్‌తో.

మాస్టారు: సరే, హెడ్‌మాస్టారి గదిలో రామన్ ఫోటో పక్కన మాత్రం తగిలించకండి తల్లీ!

మేడం: అక్కడొక్కటే మేకు ఖాళీగా ఉంది మాస్టారూ.