తీసేశానన్నాడుగా, ఇంకేం కావాలి?

పుచ్చకాయ కొనాలంటే నాలుగు కాయలు తట్టి చూస్తాం. బెండకాయ కొన విరిచి చూస్తాం. పెళ్లి సంబంధమైతే అబ్బాయి జీతం నుంచి మేనమామ అప్పుల దాకా ఆరా తీస్తాం. ఇంత అనుమానపు మనుషులకు ఒక్కచోట మాత్రం అపారమైన నమ్మకం. స్తంభం కిందనుంచి ఎవడైనా "కరెంటు తీసేశాన్రా, ఎక్కు" అంటే ఎక్కేస్తాం. సాటి మనిషి మాట మీద మనకు మిగిలిన ఆఖరి నమ్మకం ఇదే కాబట్టి దీన్ని కాపాడుకోవాలని నా విన్నపం.

పుస్తకాల పురుగులు కొందరు దీన్ని చెడగొట్టాలని చూస్తున్నారు. స్విచ్చి ఆపితే చాలదట, దానికి తాళం వేసి, పని జరుగుతోందని అట్ట తగిలించాలట. అప్పుడు కూడా నమ్మకూడదట. టెస్టరును ముందు కరెంటున్న సాకెట్లో పెట్టి వెలుగుతోందో లేదో చూడాలట. తర్వాత పనిచేయబోయే తీగ చూడాలట. చూశాక మళ్లీ ఆ సాకెట్టు దగ్గరికే వెళ్లి, ఈలోపు టెస్టరే చచ్చిపోలేదని ఖాయం చేసుకోవాలట. పెయింటు డబ్బా మూతలు లేపుతూ, స్క్రూలు బిగిస్తూ ఇంటిల్లిపాదికీ చాకిరీ చేసిన టెస్టరుకి ఇంత అవమానమా? లోపలి నియాన్ బల్బు ఎండలో వెలిగిందో లేదో బ్రహ్మకైనా కనపడదు నిజమే. అయినా మనం ఏనాడైనా శంకించామా?

పైగా పెద్దలిచ్చిన పద్ధతి ఉండనే ఉంది. వేళ్ల వెనకవైపుతో అలా తాకి చూడటం. అరచేత్తో పట్టుకుంటే కండరాలు బిగుసుకుపోయి తీగ వదలదు కనక వెనకవైపు. ఎంత సైన్సో చూడండి! ఒక్కటే చిక్కు. 11 కేవీ, అంటే 11,000 వోల్టుల లైనుకి మన తాకిడి దాకా ఓపిక పట్టే అలవాటు లేదు, దగ్గరికెళితే అదే దూకుతుంది.

పొలాల్లో నమ్మకం ఇంకా గట్టిది. బోర్ల ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతే లైన్‌మన్ వచ్చేసరికి మడి ఎండుతుంది. అందుకని రైతే ట్రాన్స్‌ఫార్మర్‌కి కరెంటు ఆపే ఏబీ స్విచ్చి లాగి దిమ్మె ఎక్కుతాడు. ఆ స్విచ్చికి మూడు బ్లేడ్లు. హ్యాండిలు కిందికి దిగింది, టక్‌మని చప్పుడూ వచ్చింది. రెండు బ్లేడ్లు విడివడ్డాయి. తుప్పు పట్టిన మూడోది కదల్లేదు. తలెత్తి చూస్తే కనపడుతుంది. కానీ హ్యాండిలు అంత మర్యాదగా వంగాక తలెత్తి చూడటం ఏం బావుంటుంది?

సబ్‌స్టేషన్ వ్యవహారం, అంటే లైను ఆపామని చెప్పే ఎల్సీ (లైన్ క్లియర్), ఫోన్లోనే తేలిపోతుంది.

"అన్నా, ఎల్సీ ఇచ్చావా?"

"ఇచ్చేశా తమ్ముడూ, చేసుకో."

ఏ ఫీడరో, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే ఏ లైనో, ఇద్దరూ అడగరు. ఒకాయన మనసులో ఊరి ఫీడరు, ఇంకొకాయన మనసులో బోర్ల ఫీడరు. లైనుకి రెండు పక్కలా ఎర్తు చేయమని, అంటే భూమికి కలపమని ఇచ్చిన డిశ్చార్జి రాడ్లు గోడకి ఆనుకుని విశ్రాంతి తీసుకుంటుంటాయి. వాటిని లేపడం పాపం.

సరే, ఫీడరు సరైనదే ఆగిందనుకోండి. కరెంటు దొడ్డిదారిన కూడా వస్తుంది. వీధి లైన్ని విడదీసే ఛేంజోవర్ స్విచ్చి లేని ఫంక్షన్ హాల్లో జనరేటర్ వేస్తే, ఆ కరెంటు వీధి తీగల్లోకి పాకి ట్రాన్స్‌ఫార్మర్ని కిందినుంచి ఎక్కుతుంది. 11,000 వోల్టుల్ని 415కి దించే ఆ పెట్టెకి తిరగేసి చేయడమూ వచ్చు. 415 ఇస్తే 11,000 చేసి పైకి పంపుతుంది. స్తంభం పైనున్నవాడు సబ్‌స్టేషన్‌ని నమ్ముకుని ఉంటాడు. కింద హాల్లో గట్టిమేళం.

ఇదంతా గాలి కబురు కాదు, నా అనుభవమూ ఉంది. మొన్న మా హాల్లో ఫ్యాను మార్చడానికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. "మెయిను ఆపారా సార్?" అన్నాడు. అపార్టుమెంటు కింద వరసగా పన్నెండు మీటర్లు, ఫ్లాటు నంబర్లు ఎప్పుడో చెరిగిపోయాయి. ఎడంనుంచి నాలుగోది మాదే. నేనే స్వయంగా దించి వచ్చాను. "ఆపేశానయ్యా" అన్నాను. ఎంత మంచివాడో, ఇంకో మాట అడగలేదు. టెస్టరు జేబులోనే ఉంచుకుని స్టూలెక్కి కప్పుకున్న తీగల మూత (సీలింగ్ రోజ్) విప్పాడు. తీగ మీదికి వేలు పోతోంది.

పైఫ్లాటు ఆంటీ బాల్కనీలోంచి కేకేసింది. "ఏవండీ, మా ఇంట్లో కరెంటు పోయింది, మీకుందా?"