సన్మానానికి చిక్కని మనుషులు

మాజీ సైనికులకు సేవ చేసే వాలంటీర్ల మీద నాకో ఫిర్యాదు ఉంది. వాళ్లు సన్మానానికి సహకరించడం లేదు.

పదేళ్లుగా సన్మాన సంఘం సభ్యుడిగా ఉన్న అనుభవంతో చెబుతున్నాను. వేదిక సిద్ధం, మైకు సిద్ధం, ఆలస్యంగా రావడానికి ముఖ్య అతిథి కూడా సిద్ధం. సన్మానం అందుకోవాల్సిన మనిషి మాత్రం ఫోన్ ఎత్తి, "ఆ రోజు కుదరదండీ, ఒక పెద్దాయన్ని డయాలసిస్‌కి తీసుకెళ్లాలి" అంటాడు. డయాలసిస్ వారానికి రెండు మూడుసార్లు ఉంటుంది. మా సభ ఏడాదికి ఒక్కసారే. ఏది ముఖ్యమో ఆ మాత్రం ఆలోచించుకోవద్దా?

పోనీ తేదీలు లేవా అంటే బోలెడున్నాయి. ఐక్యరాజ్యసమితి 1985లోనే డిసెంబర్ 5ని అంతర్జాతీయ స్వచ్ఛంద సేవకుల దినంగా ప్రకటించింది. రెండు రోజులు ఆగితే డిసెంబర్ 7, మన దేశంలో 1949 నుంచి జరుగుతున్న సాయుధ దళాల పతాక దినం. మధ్యలో 6వ తేదీ ఉంది కదా, పాత బ్యానర్ మీద పేరు మార్చుకోవడానికి మాకు అది చాలు. అదీ కుదరకపోతే జనవరి 14 ఉండనే ఉంది. 1953లో మన సైన్యానికి తొలి భారతీయ అధిపతి కరియప్ప రిటైరైన రోజు కాబట్టి దాన్ని మాజీ సైనికుల దినంగా జరుపుతారు. ఇన్ని పెట్టుకుని కూడా ఒక్క వాలంటీరు దొరకడు.

ఇంతకీ చేసే పనేమిటో సభలో చదవడానికి ఒక పేరా రాసిమ్మంటే అదీ రాయరు. చివరికి నేనే వెళ్లి చూశాను. పెన్షన్ ఆగకుండా ఉండాలంటే మాజీ సైనికుడు తాను బతికే ఉన్నానని ఏటా రుజువు చూపించాలి. 2014లో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ ధ్రువపత్రం వచ్చినప్పటి నుంచి వేలిముద్ర వేసి ఆన్‌లైన్‌లో పంపే వీలుంది. ఎనభై దాటిన ఒక మాజీ హవల్దారు బొటనవేలు పెట్టాడు. యంత్రం ఒప్పుకోలేదు. గీతలు అరిగిపోయాయి. పక్కన కూర్చున్న అమ్మాయి తడిగుడ్డతో వేలు తుడిచి, ఆరనిచ్చి, చూపుడువేలు పెట్టించింది. ఊహూ.

"నేను బతికే ఉన్నానని దీనికి ఎవరు చెప్తారమ్మా?" అన్నాడాయన.

"నేను చెప్తాగా తాతయ్యా, ఈసారి ఉంగరం వేలు పెట్టండి."

పదకొండోసారికి యంత్రం దయ తలచింది. గంటన్నర పట్టింది. నేను ఫొటో తీద్దామని ఫోన్ పట్టుకునే ఉన్నాను గానీ, ఎక్కడ నొక్కాలో తెలియలేదు. ముసలాయన వేలు, తడిగుడ్డ తప్ప అందులో ఏమీ లేవు. బ్యానర్ మీదకి ఎలా పనికొస్తాయి?

అమెరికాలో ఇంకా విడ్డూరం. మాజీ సైనికులు ఆసుపత్రికి వెళ్లి రావడానికి ఇచ్చే డబ్బులో ప్రభుత్వం కోత పెడితే, 1987లో డిసేబుల్డ్ అమెరికన్ వెటరన్స్ అనే సంస్థ రవాణా ఏర్పాటు మొదలుపెట్టింది. బండ్లు నడిపేది వాలంటీర్లే. పైసా జీతం లేని ఆ పనికి ముందు వాళ్లు వైద్య పరీక్ష పాసవ్వాలి. సన్మానం చేసేవాళ్లకు మాత్రం ఏ దేశంలోనూ ఏ పరీక్షా ఉన్నట్టు లేదు. దేవుడు చల్లగా చూశాడు.

అయితే ఆ దేశంలోనే నాకు బాగా నచ్చిన వస్తువు ఒకటుంది. అక్కడ మాజీ సైనికుడి అంత్యక్రియల్లో బ్యూగిల్ మీద 24 స్వరాల చిన్న బాణీ ఒకటి వాయిస్తారు. వాయించేవాళ్లు చాలక 2003లో ఒక పరికరం తెచ్చారు. దాన్ని బ్యూగిల్ లోపల అమర్చి, మీట నొక్కి, పెదవులకు ఆనించుకుని నిలబడితే చాలు. రికార్డు చేసిన బాణీ దానంతటదే వస్తుంది. అలా కాదు, పోయినవాడికి మనిషే వాయించాలని పట్టుబట్టి ఉచితంగా వెళ్లే వాద్యకారులూ ఉన్నారనుకోండి. వాళ్ల సంగతి వదిలేయండి. ఈ పరికరాన్ని మనం ముఖ్య అతిథుల మైకులో అమర్చుకోవాలన్నది నా ప్రతిపాదన. ఆయన పెదవులు కదిపితే చాలు, "జాతి మీకు రుణపడి ఉంది" అన్న వాక్యం పలుకుతుంది. అది కూడా 24 స్వరాల్లో అయిపోతే ఇంకా మంచిది. సంఘంలో ఈ తీర్మానం వీగిపోయింది. ముఖ్య అతిథి బాధపడతారట.

కిందటేడు మాత్రం ఎట్టకేలకు ఒకాయన్ని పట్టుకున్నాం. పాపం, చెప్పిన టైముకే వచ్చేశాడు. మా కుర్రాళ్లు ఇంకా రాలేదు కాబట్టి కుర్చీలు ఆయనే వేశాడు. చక్రాల కుర్చీలో వచ్చిన ఇద్దరు మాజీ సైనికులు వేదిక ఎక్కడానికి మెట్లు తప్ప దారి లేకపోతే, ఓ చెక్క పలక ఎక్కడి నుంచో మోసుకొచ్చాడు. మూడు గంటల తర్వాత ఆయన వంతు వచ్చింది. రెండు మాటలు మాట్లాడమన్నాం. ఇలాంటి సభల్లో రెండు మాటలంటే అర్థం ఆయనకు తెలియదనుకుంటాను, నిజంగానే రెండే మాట్లాడాడు.

"మంగళవారం వ్యాన్‌కి డ్రైవర్ లేడు. ఎవరైనా రాగలరా?"

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఎంత గొప్ప సందేశమో అన్నాడు మా కార్యదర్శి. దిగి వచ్చాక ఆయన నన్ను మళ్లీ అదే అడిగాడు. తప్పకుండా చూద్దామని చెప్పి, ఆయన నంబరు ఆహ్వానపత్రం వెనక రాసుకున్నాను. ఎక్కడో పెట్టాను.

ఆయన హడావిడిగా వెళ్తూ జ్ఞాపిక కుర్చీలోనే మర్చిపోయాడు. మా ఇంట్లో భద్రంగా ఉంది. దాని మీద ఆయన పేరు ఎలాగూ తప్పే పడింది కాబట్టి, వచ్చే ఏడాది ఎవరికైనా ఇచ్చేయొచ్చు.