సీటు కింద కూర్చున్న ఈసీయూ గారికి

ఈసీయూ గారూ, నమస్కారం.

బైకు కొన్న మొదటి ఏడాది, ఇంజన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్‌గా మీరంటూ ఒకరున్నారనే నాకు తెలియదు. మా నాన్న బండికి గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్ ఉండేది, దానికో స్క్రూ ఉండేది, మెకానిక్ చెవి ఒగ్గి విని దాన్ని పావు చుట్టు తిప్పితే ఇంకో ఆర్నెల్లు నడిచిపోయేది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 అనే కాలుష్య నిబంధన వచ్చింది, ఆ స్క్రూ పోయింది, దాని ఉద్యోగంలో మీరు చేరారు. అరచేతిలో పట్టే నల్ల డబ్బాలో కూర్చుని, థ్రాటిల్ ఎంత తిప్పాను, ఇంజన్ ఎంత వేడెక్కింది, గాలి ఎంత లోపలికెళ్ళింది అని లెక్కలు రాసుకుంటూ, పెట్రోలు ఎన్ని మిల్లీసెకన్లు చిమ్మాలో, స్పార్క్ ఎప్పుడు పడాలో మీరే తేలుస్తున్నారు. పాతకాలం ఊరి కరణం కూడా ఇన్ని లెక్కలు రాసి ఉండడు.

కరణం అన్నాను కదా, పిసినారితనం కూడా అంతే. గాలి 14.7 పాళ్ళయితే పెట్రోలు ఒక్క పాలు, అంతకుమించి చుక్క రాల్చరు. పైగా ఎగ్జాస్ట్ పైపులో ఆక్సిజన్ సెన్సర్ అనే చాడీకోరు ఒకడు, పొగ వాసన చూసి 'అయ్యా, ఇందాక కాస్త ఎక్కువ పోశారు' అని మీకు మోసేవాడు. ఫుల్ థ్రాటిల్ కొట్టినప్పుడు మీరు వాడి మాట పక్కనపెట్టి ధారాళంగానే పోస్తారని నాకు తర్వాత తెలిసింది. కానీ మియాపూర్ నుంచి మాదాపూర్ దాకా ఫుల్ థ్రాటిల్ కొట్టే జాగా ఎక్కడుంది? నాకు దక్కినదల్లా రెండో గేర్లో పాతిక స్పీడులో మీ పిసినారితనం, దానితో వచ్చే ఆ కుదుపు.

అందుకని మిమ్మల్ని కొనేద్దామనుకున్నాను. సూటిగా చెప్తున్నాను, ఏమీ అనుకోకండి.

మీలాంటివాళ్ళ లెక్కలు మార్చిపెట్టే ట్యూనర్ కుర్రాడు 16,000 అన్నాడు. ల్యాప్‌టాప్ తెచ్చి, సీటు తీసి, మీకు కేబుల్ గుచ్చి, మీ లోపలున్న పట్టికలన్నీ చదివాడు. ఏ ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర, ఎంత థ్రాటిల్‌కి, ఎంత పెట్రోలు అని గళ్ళు గళ్ళుగా ఉంది, మా అమ్మ పాల లెక్క రాసే క్యాలెండర్‌లాగా. మధ్య గళ్ళలో కాస్త పెట్రోలు పెంచాడు, స్పార్క్ రెండు డిగ్రీలు ముందుకు జరిపాడు, ఫ్యాన్ కొంచెం తొందరగా తిరిగేలా పెట్టాడు, ఇంజన్ అంతకుమించి తిరగకుండా ఆపే రెవ్ లిమిట్‌ని ఇంకో 500 ఆర్‌పీఎం పైకి తోశాడు. అంతా తిరిగి మీలోకి రాసేటప్పుడు మధ్యలో బ్యాటరీ పడిపోతే మీరు ఇటుకరాయి అయిపోతారని చెప్పి ఒక చార్జర్ తగిలించాడు. అరవై శాతం దగ్గర ఆ గీత కాసేపు ఆగింది. మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు ఆపరేషన్ థియేటర్ బయట కూడా నేను అంత టెన్షన్ పడలేదు (ఈ ముక్క ఇంట్లో చదవకూడదు).

బండి బలం కొలిచే డైనో యంత్రం మీద ఎక్కిస్తే ముందు 35 వచ్చిన హార్స్‌పవర్ తర్వాత 37.4 వచ్చింది. ఆ కాగితం లామినేషన్ చేయించాను. 2.4 గుర్రాలు! వాటిని ఎక్కడ పరిగెత్తించాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు ఉంది, దానిమీదికి టూ వీలర్లని రానివ్వరు. పెంచిన 500 ఆర్‌పీఎం ఎలా ఉంటుందో ఇప్పటిదాకా నేను చూడలేదు, బండి కూడా చూడలేదు.

అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ కుదుపు మాత్రం పోయింది. సిగ్నల్ దగ్గర తొడలు కాలడం కూడా తగ్గింది. ఇంతకీ చట్టం ప్రకారం ఇది తప్పే, ఇలాంటి మార్పు ఒక్కోదానికి ఐదు వేలు జరిమానా, ఆర్నెల్ల దాకా జైలు కూడా రాసిపెట్టారు. కానీ చప్పుడు చేసే సైలెన్సర్లని పట్టుకుని రోడ్ రోలర్ కింద పడేస్తారే గానీ, సీటు కింద నోరు మూసుకుని కూర్చున్న మిమ్మల్ని ఎవరు చూస్తారు? వారంటీ పోతుందన్నారు. ఇన్సూరెన్స్ వాళ్ళకి తెలిస్తే క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారన్నారు. అన్నీ విన్నాను, అన్నిటికీ తల ఊపాను.

ఇక అసలు విషయం, ఏప్రిల్ సర్వీసింగ్. బండి ఇచ్చి, ఎక్కడ పట్టుకుంటారో అని సాయంత్రం దాకా నాకు ముద్ద దిగలేదు. ఎవరూ ఏమీ అనలేదు. జాబ్ కార్డు చదవకుండానే సంతకం పెట్టేసి, పట్టుకోలేకపోయారు పిచ్చివాళ్ళు అనుకుంటూ ఇంటికొచ్చాను.

మే నెలలో తొడలు మళ్ళీ కాలాయి. ఈ ఏడు ఎండలు మరీ ఘోరం అనుకున్నాను. మైలేజీ 24 నుంచి 28కి పెరిగింది. చెయ్యి కుదిరింది, ఇప్పటికి నాకు బండి నడపడం వచ్చింది అనుకున్నాను. మా బావమరిది ఒక రౌండ్ వేసి వచ్చి, "ఏముంది బావా, మామూలుగానే ఉంది కదా" అన్నాడు. నీది స్కూటర్ చెయ్యి, నీకేం తెలుస్తుంది అని కసిరాను. ఆఫీసులో ఇద్దరికి ఆ లామినేషన్ కాగితం చూపించి, పికప్‌లో తేడా ఎలా ఉంటుందో క్యాంటీన్‌లో నోటితో చప్పుడు చేసి మరీ వినిపించాను. వాళ్ళలో ఒకడు అడ్వాన్స్ కూడా కట్టేశాడు.

పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు, జులైలో దీనికి పై మెట్టు ట్యూనింగ్, స్టేజ్ 2 వేయించుకుందామని వెళ్ళాను. కుర్రాడు కేబుల్ పెట్టి, స్క్రీన్ చూసి, నావైపు చూసి, మళ్ళీ స్క్రీన్ చూశాడు.

"సార్, ఇందులో కంపెనీ ఫైలే ఉంది. నంబర్ చూడండి, ఇది మనం వేసింది కాదు. మధ్యలో సర్వీసింగ్‌కి ఇచ్చారా?"

ఇంటికెళ్ళి జాబ్ కార్డు వెతికాను. ఏడో లైను. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, చార్జీ సున్నా.

మూడు నెలలు, ఈసీయూ గారూ! మూడు నెలలు నేను మీ పాత పిసినారి లెక్కల మీదే తిరుగుతూ, గుర్రాల సంగతి ఊరంతా చెప్పుకుంటూ ఉంటే, మీరు కిక్కురుమనలేదు. ఎవరు చివర రాస్తే వాళ్ళ మనిషి అయిపోయే మీలాంటివాళ్ళని నేను ఆఫీసులో చాలామందిని చూశాను గానీ, వాళ్ళు కనీసం నా ఎదురుగా కాస్త ఇబ్బందిపడేవారు.

మళ్ళీ వేయడానికి ఎనిమిది వేలు చాలన్నాడు. శనివారం పదకొండింటికి వస్తున్నాను. మీటరు మీద ఇంజన్ బొమ్మతో ఒక పసుపు లైటుంది కదా, తాళం తిప్పినప్పుడు తప్ప ఎన్నడూ వెలగనిది. ఈసారి మిమ్మల్ని ఎవరైనా మార్చేస్తే దాన్ని ఒక్కసారి వెలిగించండి. నాకైతే తెలియదని తేలిపోయింది కదా.

ఇట్లు,
5,200 ఆర్‌పీఎం దాటని మీ యజమాని