స్ట్రీమర్ వెనక వెలిగే పచ్చ లైటు గారికి

శ్రీయుత పచ్చ లైటు గారికి,
నెట్ కేబుల్ దూర్చే లాన్ పోర్టు మూల, మ్యూజిక్ స్ట్రీమర్ వెనక వైపు, విశాఖపట్నం.

విషయం: తమరి సంతకం ఎంతవరకు చెల్లుతుందో తేల్చమని మనవి.

అయ్యా,

ఉభయకుశలోపరి. ఎంవీపీ కాలనీలోనైనా గాజువాకలోనైనా స్ట్రీమర్‌లో, అంటే నెట్‌లోంచి పాట తెచ్చి స్పీకర్లకి ఇచ్చే పెట్టెలో, పాట మధ్యలో ఆగిందంటే ముందుగా సాక్ష్యానికి పిలిచేది తమరినే. నెట్ కనెక్షన్ కుర్రాడు ఫోన్‌లో అడిగే మొదటి మాట, "లైట్ వెలుగుతోందాండీ?" వెలుగుతోందంటే, "అయితే మా లైన్ బాగున్నట్టేనండి" అని పెట్టేస్తాడు. సామాను అమ్మినాయనా అదే అడుగుతాడు, అదే అంటాడు. కాయితం చదవకుండా గెజిటెడ్ ఆఫీసర్లు పెట్టే పచ్చ సిరా సంతకానికీ తమరికీ చుట్టరికం ఉందని మా గట్టి అనుమానం.

తమరు నిజానికి ధ్రువీకరించేది ఒక్కటే: లాన్ కేబుల్‌కి ఈ కొసన ఉన్న చిప్పూ ఆ కొసన ఉన్న చిప్పూ పలకరించుకున్నాయని. ఆ పలకరింపు కూడా కేబుల్‌లో నాలుగు జతలుగా మెలిపెట్టిన ఎనిమిది తీగల మీదా కాదు. 1, 2, 3, 6 పిన్నుల మీద, అంటే ఆరెంజ్ జత, గ్రీన్ జత మీదే. 100 ఎంబీపీఎస్‌కి, అంటే సెకనుకి పది కోట్ల బిట్ల వేగానికి, ఆ నాలుగూ చాలు. బ్లూ, బ్రౌన్ జతలను ఎలక కొరికేసినా తమరి ముఖంలో కళ తగ్గదు. దీనికి మాకు అభ్యంతరం లేదు. సీడీ నాణ్యత పాటకి కావలసింది 1.4 ఎంబీపీఎస్. అంతకన్నా పై నాణ్యతైన 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ స్టీరియోని కుదించకుండా పంపినా 9.2. స్ట్రీమర్లలో చాలావాటికి అసలు పోర్టే 100ది. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) లేకపోతే బేస్ రాదనే పెద్దమనుషుల సంగతి వేరే ఉత్తరంలో.

తంటా ఎక్కడంటే, రెండు కొసలా గిగాబిట్ ఉన్నప్పుడు. ఎంత వేగంతో మాట్లాడుకోవాలనే బేరం రెండు జతల మీదే కుదురుతుంది, పనికి మాత్రం నాలుగు జతలూ కావాలి. బ్లూ తెగి ఉంటే తమరు వెలుగుతారు, ఆరిపోతారు, మళ్లీ వెలుగుతారు. కొన్ని చిప్పులు తమంతట తామే 100కి దిగి సర్దుకుంటాయి, కొన్ని తెల్లార్లూ బేరమాడుతూనే ఉంటాయి. మధ్యలో ఓ పాత 100 ఎంబీపీఎస్ నెట్‌వర్క్ స్విచ్ (ఒక లాన్ లైనుని పలు పోర్టులకి పంచే పెట్టె) పెట్టి చూడండి. లైటు కుదురుకుంటే తప్పు బ్లూలోనో బ్రౌన్‌లోనో ఉన్నట్టే, కనెక్టర్ కోసేసి కొత్తది కొట్టాలి. అంతేగాని సెట్టింగుల్లోకెళ్లి ఒక వైపు మాత్రమే 100 ఫుల్ డ్యూప్లెక్స్ (ఇద్దరూ ఒకేసారి మాట్లాడే పద్ధతి) అని బిగించకూడదు. ఆటో సెట్టింగులో ఉన్న రెండో వైపు, తన పలకరింపుకి జవాబు రాక హాఫ్ డ్యూప్లెక్స్‌కి, అంటే ఒకరి తర్వాత ఒకరు మాట్లాడే పద్ధతికి, దిగిపోతుంది. ఆపైన ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడటమే. పాట ముక్కలవుతుంది, తమరు మాత్రం నిలకడగా వెలుగుతుంటారు!

తమరి ఘనకార్యాల్లో అన్నిటికన్నా పెద్దది కలర్ కోడ్. వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. ఇది 568బి వరస, కనెక్టర్‌లో తీగలు పేర్చే ప్రామాణిక క్రమం. క్రింపింగ్ టూల్ (కనెక్టర్ నొక్కే పనిముట్టు) కొత్తగా పట్టినవాళ్ల కంటికి ఇది నచ్చదు. గ్రీన్ జతని విడదీసి మధ్యలో బ్లూ దూర్చడమేమిటని ఆరెంజ్ జత, గ్రీన్ జత, బ్లూ జత, బ్రౌన్ జత అంటూ రెండు కొసలా ఒకేలా ముచ్చటగా కొట్టేస్తారు. చవక కేబుల్ టెస్టర్‌లో 1 నుంచి 8 దాకా దీపాలు వరసగా వెలుగుతాయి. తమరూ సై అంటారు. కానీ చిప్పు లెక్కలో 3, 6 పిన్నులు ఒక జత. ఇక్కడేమో 3లో వైట్ గ్రీన్, 6లో బ్లూ పడ్డాయి. ఒకదానితో ఒకటి మెలిపడని తీగలు. అసలు మెలిక పెట్టిందే పక్క జత నుంచి వచ్చే రొద రెండు తీగల మీదా సమానంగా పడి కొట్టేసుకుపోవడానికి. మెలిక లేకపోతే ఆ రొద అలాగే మిగిలిపోతుంది. రెండు మీటర్ల ముక్కలో ఈ తప్పు బయటపడదు. హాల్లోంచి మేడ మీదికి ఇరవై మీటర్లు లాగాక పడుతుంది. కాబట్టి టెస్టర్‌ని నమ్మకుండా, కనెక్టర్‌ని వెలుతురులో పెట్టి రంగులు చదవాలి. కొట్టేటప్పుడు మెలిక విప్పేది 13 మిల్లీమీటర్లకి మించకూడదు. పై తొడుగు కూడా కనెక్టర్ లోపలికి వెళ్లి నొక్కుడు కింద ఇరుక్కోవాలి.

తమరుండేది సముద్రం ఒడ్డున అని కూడా మరిచినట్టున్నారు. లాసన్స్ బే కాలనీలో కిటికీ ఊచల్ని తినేసే ఉప్పుగాలి కనెక్టర్ల పల్చటి బంగారు పూతని వదులుతుందా? దానికి తోడు చవక కేబుల్ ఒకటి. తీగని కత్తితో గీకండి, లోపల తెల్లగా ఉంటే అది రాగి పూత వేసిన అల్యూమినియం. పిన్ను పళ్లు దిగిన చోట పూత చిరుగుతుంది, తేమ తగిలి అక్కడే తుప్పు మొదలవుతుంది. తమరికి కావలసిన కాస్త పరిచయం అప్పటికీ దొరుకుతుంది గనక వెలుగుతూనే ఉంటారు. అందుకని తమరిని అడగకుండా, స్ట్రీమర్‌కి వచ్చే అదే కేబుల్‌ని లాప్‌టాప్‌కి పెట్టి, వైఫై ఆపేసి, రూటర్ అడ్రస్‌కి 1400 బైట్ల ప్యాకెట్లతో పది నిమిషాలు ఆగకుండా పింగ్ కొట్టాలి, అంటే జవాబు కోరే ప్యాకెట్లు పంపి ఎన్ని తిరిగొచ్చాయో చూడాలి. విండోస్ మామూలుగా పంపే 32 బైట్ల బుల్లి ప్యాకెట్లు చెడ్డ కేబుల్‌లో కూడా తప్పించుకుపోతాయి. ఇంట్లో తీగ మీద ఒక్క ప్యాకెట్టయినా తప్పిపోకూడదు. పోతే, పనిచేస్తుందని తెలిసిన చిన్న కేబుల్‌తో రూటర్ పక్కనే మళ్లీ చూడాలి. అక్కడ పోకపోతే దొంగ గోడలో ఉన్నాడు.

కేబుల్ నిక్షేపంలా ఉన్నా పాట రాకపోవచ్చు. స్ట్రీమర్ సెట్టింగుల్లో అడ్రస్ 169.254తో మొదలైతే రూటర్ దానికి అడ్రస్ ఇవ్వలేదని అర్థం. కరెంటు పోయి వచ్చినప్పుడు ఇది మామూలే: స్ట్రీమర్ ముందు లేస్తుంది, రూటర్ ఇంకా ఆవులిస్తుంటుంది. రూటర్ లేచాక స్ట్రీమర్‌ని ఆపి మళ్లీ వేస్తే చాలు. రూటర్‌కి మినీ యూపీఎస్ పెట్టినవాళ్లు మధ్యలో ఉన్న స్విచ్‌ని మరిచిపోతారు, అదీ చూసుకోవాలి.

ఇంకో రకం, రేడియో స్టేషన్ మోగుతుంది గాని ఫోన్‌లో యాప్‌కి స్ట్రీమర్ కనబడదు. ఫైబర్ పెట్టె ఒక రూటరు, మనం కొన్నది ఇంకో రూటరు, రెండూ వేరువేరు నెట్‌వర్కులు నడుపుతాయి. స్ట్రీమర్ 192.168.1 వీధిలో, ఫోన్ 192.168.0 వీధిలో. యాప్ కేకేసి వెతికేది తన వీధిలోనే. సొంత రూటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (వేరే అడ్రసులు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చేలా) మారిస్తే ఇద్దరూ ఒక చోట చేరతారు. చేరినా కనబడకపోతే ఫోన్ గెస్ట్ వైఫైలో ఉందేమో చూసి, ఆ తర్వాత స్విచ్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ (గుంపుకి వేసే కేకల్ని ఏ పోర్టుకి పంపాలో తేల్చే సెట్టింగు) ఆపి చూడాలి. ఈ గొడవలేవీ తమరి పరిధిలోకి రావు. ఆ మాట ఎక్కడైనా రాసి పెట్టుకుంటే బాగుండేది.

వేలు పోసి ఆడియో లాన్ కేబుల్ కొనమనే సలహాలు ఎలాగూ వస్తాయి. కేబుల్ మీద వెళ్లే ప్రతి ఫ్రేముకీ, అంటే డేటా మూటకీ, 32 బిట్ల తనిఖీ ఉంది, పాడైనది పారేసి మళ్లీ తెప్పించుకుంటారు, బఫర్ (ముందుగా తెచ్చుకున్న పాట నిల్వ) నిండాకే పాట మొదలవుతుంది. క్యాట్ 6 మామూలు రాగి కేబుల్‌తో తీరని లోటు దాంతోనూ తీరదు. పైగా అలాంటివాటికి రెండు కొసలా లోహపు తొడుగు ఉంటే, పోర్టులోని ట్రాన్స్‌ఫార్మర్ విడగొట్టిన ఎర్త్‌ని ఆ తొడుగు మళ్లీ కలిపేస్తుంది, స్పీకర్లలో గుయ్యిమని హమ్ మొదలవచ్చు. లోహపు తొడుగు లేని సాదా కేబుల్ మార్చగానే ఆ హమ్ పోతుంది.

చివరిగా, డాబా మీదుగా కేబుల్ లాగిన ఇళ్లలో పిడుగు దూరంగా పడ్డా పోర్టు పోవచ్చు. ఉరుములు మొదలవక ముందే రెండు కొసలా ఊడదీస్తాం. ఆ కాసేపు తమరికి సెలవు.

ఇట్లు,
పాట మధ్యలో ఆగిపోయిన శ్రోతలు