మా నాన్న అన్‌ఫిట్ కాలేదు, మీకేమిటి నష్టం?

సింగరేణి బొగ్గు గనుల ఊరు గోదావరిఖనిలో పెరిగినవాళ్ళందరికీ ఒక ప్రశ్న బాగా తెలుసు. పెళ్ళిలో కనిపించినా, చావింట్లో కనిపించినా, కూరగాయల బండి దగ్గర కనిపించినా అడుగుతారు: "మీ నాన్నకు సర్వీసు ఇంకా ఎంత ఉంది?" బయటివాళ్ళు వింటే క్షేమసమాచారం అనుకుంటారు. ఆయన కంపెనీ మెడికల్ బోర్డుకు ఎప్పుడు వెళ్తాడు, గని పనికి పనికిరాడని రాయించుకుని అన్‌ఫిట్ ఎప్పుడు అవుతాడు, ఆ ఉద్యోగం ఇంట్లో ఎవరికి వస్తుంది, ఇదీ ఆ ప్రశ్న వెనక ఉన్న లెక్క. నేను రెండు ఉద్యోగాలు మారిన సంగతి రాయమని కొందరు స్నేహితులు చాలాకాలంగా అడుగుతున్నారు. రాస్తాను గానీ, ఆ కథలో ఈ ప్రశ్న అడుగడుగునా అడ్డం వస్తుంది. ఓపిక పట్టండి.

మా తాత 1960లలో జగిత్యాల వైపు ఒక మెట్ట ఊరినుంచి వచ్చాడు. రామగుండం ప్రాంతంలో గనులు తెరుస్తున్నారు, మనుషులు కావాలి అని ఎవరో చెబితే, నాగలి వదిలి బొగ్గెత్తే తట్టా చెమ్మాసూ పట్టాడు. అప్పుడు దాన్ని కెరీర్ మార్పు అనలేదు, కడుపు తిప్పలు అన్నారు. ఆయన తరువాత ఆ ఉద్యోగమే నాన్నకు వచ్చింది. ఇది దాచవలసిన సంగతి కాదు. మేము తిన్న అన్నం, చదివిన చదువు ఆ వారసత్వపు ఉద్యోగం పెట్టినవే. నాన్న బదిలీ ఫిల్లరుగా, అంటే పనికి రానివాళ్ళ బదులు బొగ్గు నింపేవాడిగా చేరి, బొగ్గు ఎత్తిపోసే ఎస్‌డీఎల్ యంత్రాలు వచ్చి చేతితో బొగ్గు నింపే పని తగ్గిపోయాక, కప్పుకు దన్ను పెట్టే సపోర్టు పనిలోకి మారాడు. గనిలో కప్పు గట్టిగా ఉందో లేదో కర్రతో కొట్టి చప్పుడు విని చెప్పేవాడు. కొత్తగా అద్దెకు దిగిన ఇంట్లో కూడా ముందు గోడ మీద వేలి కణుపుతో కొట్టి చూసేవాడు, ఇంటి ఓనరు మొహం మాడ్చుకునేవాడు.

2003 జూన్ 16న 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్ళు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. నాన్న పనిచేసే గని అది కాదు. అయినా ఆయన ఇల్లు చేరేదాకా అమ్మ గేటు పట్టుకుని నిలబడే ఉంది. మా పిల్లలెవరూ బాయి (గని) దిగరు అని ఆ రోజే తేల్చేసింది. అప్పటికి వారసత్వ ఉద్యోగాలు ఆగిపోయి ఉన్నాయి కాబట్టి ఎవరూ వాదించలేదు.

నేను బీజడ్‌సీ డిగ్రీ చేసి, హైదరాబాద్ అమీర్‌పేటలో శిక్షణ తీసుకుని, మెడికల్ కోడింగులో చేరాను. అమెరికా ఆసుపత్రుల రోగుల రికార్డులు చదివి, ఒక్కో జబ్బుకు ఒక్కో కోడ్ పెట్టాలి. దాన్ని బట్టి అక్కడ బీమా బిల్లు కదులుతుంది. 2015 అక్టోబర్ 1న వాళ్ళు ఐసీడీ-9 అనే జబ్బుల కోడ్‌ల పట్టిక నుంచి ఐసీడీ-10కి మారారు. సుమారు 14 వేల కోడ్‌లు 70 వేలకు చేరువయ్యాయి. బాతు కరిస్తే ఒక కోడ్, చిలుక కరిస్తే ఇంకొకటి. నవ్వుకుంటూ పనిచేసేవాళ్ళం. ఒకసారి ఒక గని కార్మికుడి రికార్డు వచ్చింది. జె60. బొగ్గు ధూళితో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుకు పెట్టే కోడ్. ఆ కోడ్ పెట్టి తరువాతి రికార్డు తెరవాలి, టార్గెట్ ఉంది. తెరవలేకపోయాను. అక్కడ 1969లో వచ్చిన చట్టం వల్ల ఈ జబ్బు తెచ్చుకున్న కార్మికుడికే పరిహారం అందుతుందని ఆ రాత్రి కూర్చుని చదివాను. ఊపిరి ఆయనది, డబ్బూ ఆయనది. మోకాళ్ళ అరుగుదలకూ కోడ్ ఉంది, ఎం17. మా వాడలో మాత్రం మోకాళ్ళు నాన్నవి, వాటి ఖరీదు ఇంకెవరికో రావాలి.

ఎందుకంటే అప్పటికి వాడంతా మళ్ళీ లెక్కలు మొదలయ్యాయి. 2016లో వారసత్వ ఉద్యోగాలు తిరిగి ఇస్తామన్నారు, మరుసటి ఏడాది హైకోర్టు కొట్టేసింది, 2018లో కారుణ్య నియామకాల పేరుతో దారి దొరికింది. మొదట వినిపించిన మాట "కొడుకు, అల్లుడు, తమ్ముడు". కూతురి మాట ఎత్తినవాళ్ళు మా వాడలో నాకు కనిపించలేదు. అల్లుడి పేరు విన్నాక సంబంధాలు మాత్రం వరుస కట్టాయి. పెళ్ళిచూపులకు వచ్చిన ఒక పెద్దమనిషి నా చదువు గురించి ఒక్క మాట అడగలేదు. మురుకులు నములుతూ, "బావగారూ, మోకాళ్ళ నొప్పులని విన్నాను, బోర్డుకు పెట్టుకున్నారా?" అన్నాడు. వాళ్ళబ్బాయి బీటెక్ చేసి ఖాళీగా ఉన్నాడట. మా నాన్న గట్టిగా మాట్లాడే మనిషి కాదు. "నొప్పులు ఉన్నాయండీ, కానీ మోకాళ్ళు ఇంకా నావే" అన్నాడు. సంబంధం అక్కడితో సరి. అమ్మ కొన్నాళ్ళు నాన్నతో ముభావంగా ఉంది. నేను మాత్రం నాన్న వైపే.

ఇక్కడ నన్ను తప్పుగా అర్థం చేసుకునేవాళ్ళు ఉంటారు కాబట్టి చెప్పాలి. ప్రమాదంలో తండ్రి పోయిన ఇంటికి, నిజంగా మంచం పట్టిన మనిషి ఇంటికి ఉద్యోగం ఇవ్వడం న్యాయం, అది దయ కూడా కాదు. జనం ఎందుకు ఎగబడుతున్నారో కూడా తెలుసు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు, ఇప్పుడు దాదాపు 40 వేలు. బయట కాంట్రాక్టు పని చేసేవాడి జీతానికీ పర్మినెంట్ కార్మికుడి జీతానికీ పొంతనే లేదు. రిటైరయ్యాక వచ్చే పింఛనా, 1998 నాటి పథకం ప్రకారం ఒకసారి లెక్కకట్టారంటే ఇక పెరగదు. ఇంట్లో చదువుకుని కూర్చున్న కొడుకు ఉంటే ఆశ పుడుతుంది. ఆశ పుట్టడం వేరు, బతికి ఉన్న మనిషిని పట్టుకుని "నువ్వు పనికిరావని రాయించుకో, మేము బాగుపడతాం" అనడం వేరు. అలా అనిపించుకున్న తండ్రులను నేను చూశాను. యాభై ఏళ్ళకే ఇంటి అరుగు మీద కూర్చుని, పిల్లల జీతంలో చాయ్ డబ్బులు అడుక్కునే మనుషులు. వాళ్ళ గురించి ఎవరూ పోస్టు పెట్టరు.

నా సంగతికి వస్తే, కోడింగ్ మానేశాను. పెద్ద కారణం ఏమీ లేదు, విసుగు పుట్టింది. విసుగు పుట్టి ఉద్యోగం మానుకునే హక్కు గని కార్మికుల పిల్లలకు కూడా ఉండాలి; అది ధనవంతుల పిల్లలకు మాత్రమే రాసిపెట్టిన సుఖం కాదు. బీఎడ్ చేశాను. చేసేసరికి టీచర్ పోస్టులు లేవు. 2017 నోటిఫికేషన్ తరువాత మళ్ళీ కొత్తగా నియామకాలు జరిగింది 2024లోనే. ఆ మధ్యలో ట్యూషన్లు చెప్పాను, ఒక ప్రైవేటు బడిలో చాలీచాలని జీతానికి పాఠాలు చెప్పాను. "హైదరాబాద్‌లో ఏసీలో కూర్చునే పిల్ల, చేతులారా పోగొట్టుకుంది" అన్న మేనత్తే, "మీ నాన్న ఒక సంతకం పెడితే తమ్ముడైనా బాగుపడేవాడు" అని కూడా అంది. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు పడ్డాయి, అందులో ఒకటి నాకు వచ్చింది. ఇప్పుడు రామగిరి వైపు ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతున్నాను. తమ్ముడు ఐటీఐ చేసి కరీంనగర్‌లో ఏసీలు బాగుచేస్తాడు, ఎండాకాలం వాడు ఫోను ఎత్తడు. నాన్న పూర్తి సర్వీసు చేసి దిగిపోయాడు, మోకాళ్ళకు పట్టీలు కట్టుకుని పొద్దున్నే నడుస్తాడు.

నాన్న ఎప్పుడో గనినుంచి తెచ్చిన రాతి పలక ఒకటి తరగతికి తీసుకెళ్ళాను. దాని మీద ఆకు ఈనెలతో సహా అచ్చుపడి ఉంది. గ్లాసోప్టెరిస్, మన గోదావరి లోయ బొగ్గు ఏర్పడిన పర్మియన్ కాలపు మొక్క, ఇరవై అయిదు కోట్ల ఏళ్ళకు పైబడినది. పిల్లలు చేతులు మార్చుకుని చూశారు. తొమ్మిదో తరగతి కుర్రాడు ఒకడు దాన్ని వెలుతురుకు అడ్డంగా పట్టుకుని, ఈనెలు మధ్యలో వలలాగా కలుస్తున్నాయి ఎందుకని అడిగాడు. ఆ ప్రశ్న డిగ్రీలో నేను అడగలేదు. పెద్దయ్యాక ఏమి చేస్తావురా అంటే, "మా నాన్న అన్‌ఫిట్ అయితే బాయి ఉద్యోగం చేస్తా, టీచర్" అన్నాడు. తడుముకోలేదు, సిగ్గుపడలేదు. వాళ్ళ నాన్నకు నలభై దాటి ఉండవు.

పద్నాలుగేళ్ళ పిల్లవాడికి ఈ మాట నేర్పింది మనమే. నేర్పినవాళ్ళే రేపు "పిల్లలకు తండ్రి మీద ప్రేమ లేదు" అని వాపోతారు. ఈ శనివారం తల్లిదండ్రుల సమావేశం ఉంది. రెండో షిఫ్టు ఉన్నా సరే, వచ్చి వెళ్ళమని ఆ కుర్రాడి నాన్నకు కబురు పెట్టాను. వాడు సైన్సులో తరగతికంతా ముందున్నాడని ఆయనకు ఎవరైనా చెప్పారో లేదో నాకు తెలియదు. నేను చెబుతాను.