శిక్షణ తల్లికి ఒక్కదానికే ఇస్తే చాలదు

పెళ్లి పందిట్లో ఏడేళ్ల పిల్లాడు చెవులు మూసుకుని నేల మీద పడి అరుస్తున్నాడనుకోండి. బ్యాండు మోత, లైట్లు, జనం. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలు ఇవి తట్టుకోలేరు. చుట్టూ ఉన్నవాళ్లకు మాత్రం అది మొండితనం. గారాబం ఎక్కువైందని ఒకరు, దిష్టి తీయించమని ఇంకొకరు. అందరూ చూసేది తల్లి వైపే.

అప్పుడామె ఏం చేస్తుందో తేల్చేది పిల్లాడి అవసరం కాదు, నలుగురేమనుకుంటారోనన్న టెన్షన్. ఒక దెబ్బ వేస్తుంది, లేదా ఫోన్ చేతిలో పెడుతుంది. దెబ్బతో వాడికి భయం వస్తుంది. ఫోన్ ఇస్తే, అరిస్తే పని జరుగుతుందని తెలుస్తుంది. చప్పుడు ఎక్కువైందని సైగతోనైనా చెప్పడం మాత్రం ఎవరూ నేర్పరు. మాటలు సరిగా రాని పిల్లలు కొరికినా, తల బాదుకున్నా చాలాసార్లు ఏదో చెప్పడానికే. ఒక్కోసారి అది పంటి నొప్పి కూడా కావచ్చు.

బిడ్డ ఇలా పుట్టడం పూర్వజన్మ కర్మ అనే నమ్మకాన్ని నేను పూర్తిగా తోసిపుచ్చను. దేవుడిచ్చిన బిడ్డ అనుకుని ఎంతో ఓపికగా పెంచేవాళ్లున్నారు. 'మన చేతుల్లో ఏముంది' అని నేర్పడం మానేసినప్పుడే నష్టం. తాయెత్తు చూసి కసురుకునే డాక్టరు దగ్గరికి ఏ తల్లీ మళ్లీ వెళ్లదు. తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, థెరపీ ఆగకూడదు.

అసలు చిక్కు ఇంట్లో ఉంది. థెరపీ సెంటర్‌లో అన్నీ తల్లికే చెప్పి పంపుతారు. ఇంటికొచ్చాక మాట చెల్లేది అత్తగారిది. అరుపు ఆగేదాకా బిస్కెట్ ఇవ్వకూడదని కోడలు అనుకుంటుంది, మనవడి ఏడుపు చూడలేక నానమ్మ ఇచ్చేస్తుంది. నలుగురిలో ఒక్కరు లొంగినా చాలు, ఇంకాసేపు అరిస్తే దొరుకుతుందని పిల్లాడు నేర్చుకుంటాడు. తండ్రి సాయంత్రం వచ్చి 'నీకు చూసుకోవడం రాదు' అంటాడు. ఇది ఆమెకు చేస్తున్న అన్యాయం.

కుటుంబానికి నేర్పడం మన దగ్గర కుదరని పనేమీ కాదు. గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో స్పెషలిస్టులు కాని ఆరోగ్య కార్యకర్తలే ఆటిజం పిల్లల తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చారు. ఆ పిల్లలు తామే చొరవ తీసుకుని తల్లిదండ్రులతో సంభాషించడం పెరిగిందని 2016లో వచ్చిన అధ్యయనం చూపింది. అందరూ కలిసి ఉండే ఇల్లయితే ఇంకా మేలు, ఒకరు అలసిపోతే మరొకరు అందుకుంటారు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాలైనా, ప్రైవేటు సెంటర్లైనా మొదటి రోజే తండ్రినీ నానమ్మనీ పిలవాలి. పనిరోజుల్లో రాలేమంటే ఆదివారం పెట్టాలి. బిస్కెట్ ఎప్పుడు ఇవ్వాలో నానమ్మకు చూపించాలి, అరవకుండా సైగ చేసి అడిగినప్పుడు ముందుగా ఆమె చేతులతోనే ఇప్పించాలి.